మా భాంజీ జర్మన్ పాటలు, మా ఆపా తజ్వీద్

మన ఇళ్లల్లో పిల్లలు నాలుగు జబాన్ల మధ్య పెరుగుతారు. ఇంట్లో దక్కనీ, గడప దాటితే తెలుగు, బడిలో ఇంగ్లీషు, సాయంత్రం అరబీ సబఖ్. అలాంటి పిల్లకు ఐదో జబాన్ పెద్ద లెక్కా అని మా ఖాందాన్‌లో అందరం అనుకున్నాం. మా ఆపా కూతురు బీఎస్సీ నర్సింగ్ చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రెండేళ్లు నైట్ డ్యూటీలు చేసింది. జర్మనీ పోతానని జర్మన్ క్లాసుల్లో చేరింది. ఫీజు కోసం ఆపా గాజులు బ్యాంకులోకి వెళ్లాయి.

బీ1 ఇమ్తెహాన్ ఫలితం వచ్చింది. చదవడంలో 83. రాయడంలో 76. మాట్లాడటంలో 71. వినడంలో 47. గోథే వాళ్ల బీ1లో ఈ నాలుగూ దేనికదే వేరు. ప్రతిదాంట్లో నూటికి 60 రావాలి. పోయిన భాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు, అదొక రహమత్.

"మామూ, కాగితం మీద చూస్తే ప్రతి లఫ్జ్ నాకు తెలుసు. అదే లఫ్జ్ చెవిలో పడితే ఎవరో కొత్తవాళ్లు వచ్చినట్టుంటుంది" అంది ఫోన్‌లో.

ఆ మాట నాకు బాగా తెలుసు. కర్నూల్లో ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ని నేను. పుస్తకంలో 'కల' వేరు, 'కళ' వేరు అని తెలుసు. చెవికి మాత్రం రెండూ ఒకటే. ఉర్దూలో 'ళ' లేదు కదా. ఆ తేడా నాకు పట్టించింది వ్యాకరణం కాదు, కడప రేడియో స్టేషన్. పొద్దున పాటలొచ్చే వేళకు మా అబ్బా రేడియో పెట్టేవారు. ఘంటసాల గొంతులో ఏ అక్షరానికి ఆ అక్షరం కడిగి ఆరబెట్టినట్టు వినిపించేది. అర్థం సగం తెలీకపోయినా గున్‌గునాయించే వాణ్ని. ఏడాది తిరిగేసరికి నా చెవి 'ళ' దగ్గర ఆగి సలాం చెప్పడం మొదలుపెట్టింది.

అందుకే భాంజీతో అన్నాను: "బిటియా, ఇంకో గ్రామర్ పుస్తకం కొనకు. పాటలు విను."

పాటలు ఎందుకో ముందు చెప్పాలి. మాట ఒకసారి గాలిలోకి పోతే పోయినట్టే. బీ1 వినే పరీక్ష దాదాపు 40 నిమిషాలు, నాలుగు భాగాలు. అందులో రెండు భాగాలు ఒక్కసారే వినిపిస్తారు. 'ఏమన్నారూ' అని అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. పాట అలా కాదు. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. పదిసార్లు విన్నా విసుగు రాదు, అదే ఆడియో పాఠం మూడోసారికే విసుగొస్తుంది. 2014లో ఎడిన్‌బరా యూనివర్సిటీ పరిశోధకులు 60 మంది పెద్దవాళ్లకు హంగేరియన్ వాక్యాలు నేర్పించి చూశారు. కొందరు మామూలుగా పలికారు, కొందరు తాళానికి పలికారు, కొందరు పాడారు. పావుగంట తర్వాత ఆ వాక్యాలను తిరిగి పలకడంలో పాడినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. అది నోటికి సంబంధించిన పరీక్ష, చెవికి కాదు. కానీ యాద్ ఉండనిది చెవి గుర్తుపట్టదు కదా.

అయితే ఇంట్లో పాటలు అనేసరికి మా ఆపా ఊరుకుంటుందా? ఆపా మొహల్లా పిల్లలకు నాజిరా చెప్పే ఉస్తానీ. ఇంట్లో బాజా మోగడం ఆమెకు పసందు లేదు. మూసీఖీ గురించి ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, ఆ బహస్‌లోకి నేను పోను. ఆపాది ఒకే ప్రశ్న:

"పఢ్ రయీ కి గానే సున్ రయీ?"

దానికి జవాబు జర్మనీలోనే దొరికింది. కొలోన్ నగరంలో వైజ్ గైస్ అని ఒక బృందం ఉండేది. 1990లో మొదలై 2017లో విడిపోయింది. వాళ్లు వాద్యాలు వాడరు, గొంతులే. తాళమైనా, వెనక వచ్చే స్వరమైనా నోటితోనే. సాజ్ లేని గానం. పైగా తలఫ్ఫుజ్ చాలా సాఫ్. రైళ్లు లేటు కావడం గురించి, ఇంటి గొడవల గురించి నవ్వించే పాటలు పాడారు. ఇంకా రోల్ఫ్ త్సుకోవ్‌స్కీ అనే ఆయన పిల్లల పాటలు ఉన్నాయి. పన్నెండు నెలల పేర్లు వరసగా వచ్చే పాట అక్కడ పిల్లలందరికీ తెలుసు. వాటిలో వాద్యాలు ఉంటాయి. కాబట్టి భాంజీ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఆపా ఒప్పుకుంది అనను, చూసీ చూడనట్టు ఊరుకుంది.

మేం పెట్టుకున్న తరీఖా ఇది. వారానికి ఒకే పాట. మొదటి రెండు రోజులు పాట తాలూకు అక్షరం చూడకూడదు. చెవికి ఏది వినిపిస్తే అది రాయాలి. జర్మన్ స్పెల్లింగ్‌లో కాదు, మన ఉర్దూ రస్మ్-ఉల్-ఖత్‌లో. ఇది నాకు తోచిన ఆలోచన, దానికి వజహ్ ఉంది. జర్మన్ అక్షరాలతో రాస్తే కళ్లు చెవికి అబద్ధం నేర్పిస్తాయి, విననిది కూడా విన్నట్టు రాసేస్తాం. ఉర్దూలో రాస్తే విన్నదే రాస్తాం. మూడో రోజు అసలు పాఠం పక్కన పెట్టుకుని, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో ఎర్ర గీత గీయాలి. తర్వాత రెండు రోజులు పాటతో పాటు నోరు కలపాలి. ఆఖరి రెండు రోజులు రాగం తీసేసి అవే మాటల్ని మామూలు మాటల్లా చదవాలి.

ఉర్దూ లిపిలో రాయడం వల్ల ఇంకో సంగతి బయటపడింది. జర్మన్‌లో ఎనిమిదిని 'ఆఖ్ట్' అంటారు, రాత్రిని 'నాఖ్ట్', పుస్తకాన్ని 'బూఖ్'. ఆ 'ఖ్' తెలుగు 'ఖ' కాదు, 'ఖుదా'లో ఉన్న ఖే. క్లాసులో మిగతా పిల్లలు 'ఆక్ట్' అంటుంటే మా పిల్ల మొదటి రోజు నుంచే సరిగ్గా పలికింది. మనం దక్కనీలో 'ఖాఫ్'ని కూడా ఖేగా పలుకుతామని, ఖలమ్, సందూఖ్ అంటామని లఖ్‌నవూ వాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. ఆ గొంతు జర్మన్‌కు పనికొచ్చింది. జర్మన్ 'ర' కూడా నాలుక కొసన కాకుండా గొంతు వెనక పుడుతుంది, దాదాపు మన గైన్‌కు పొరుగింట్లో ఉంటుంది. 'ఇష్' లాంటి మెత్తటి ధ్వని ఒకటి మాత్రం మన దగ్గర లేదు. షీన్‌కీ 'హ'కీ మధ్య అదెక్కడో ఉంటుంది. దాని మీద మష్ఖ్ చేయాల్సిందే.

అంకెల్లోనూ అంతే. 53 అని తెలుగులో చెప్తే ముందు యాభై వస్తుంది, తర్వాత మూడు. జర్మన్‌లో ముందు మూడు, తర్వాత యాభై. ఇంగ్లీషు ద్వారా నేర్చుకునే పిల్లలు ఇక్కడ తడబడి 35 అని రాస్తారు. కానీ ఉర్దూలో తిర్పన్ అంటాం. 'తిర్' ముందు, 'పన్' తర్వాత. ఇక్కీస్‌లో కూడా ఒకటి ముందు, ఇరవై వెనక. "అంకెలు ఉర్దూలో విను, తెలుగులో కాదు" అన్నాను. వాక్యం చివర క్రియ రావడం కూడా మనకు కొత్తా? 'ఎందుకంటే' అని మొదలైన జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. తెలుగులో, ఉర్దూలో మనం పుట్టినప్పటి నుంచీ చివరి దాకా ఓపిగ్గా ఆగేవాళ్లమే. జర్మన్‌ని ఇంగ్లీషు కిటికీలోంచి చూడటం వల్లే అది వంకరగా కనిపిస్తుంది.

ఇన్ని ఉన్నా, మూడు వారాల తర్వాత కూడా ఎర్ర గీతలు ఒకే చోట పడుతున్నాయి. రెండు మాటలు కలిసే చోట. 'హాబెన్ జీ' అని రాసి ఉంటుంది, అంటే 'మీకు ఉందా' అని. చెవిలో 'హామ్ జె' అని పడుతుంది. 'ఫ్యున్ఫ్' అంటే అయిదు, వినిపించేది 'ఫ్యుమ్ఫ్'. 'ఆబెండ్' అంటే సాయంత్రం, వినిపించేది 'ఆబ్మ్‌ట్'. 'న' ఎక్కడికి పోతోంది, 'మ' ఎక్కణ్నుంచి వస్తోంది? పిల్ల తల పట్టుకుంది. నేను ఆ రోజు వాళ్లింట్లోనే ఉన్నాను. మగ్రిబ్ తర్వాత ఆపా పిల్లల సబఖ్ ముగించి వచ్చి కూర్చుంది. కూతురు కాగితం మీద రాసుకున్న ఉర్దూ అక్షరాలు చూసింది.

"ఇదేముంది? ఇఖ్లాబ్ కదా" అంది.

ఇద్దరం ఆమె వైపు చూశాం.

"నూన్ సాకిన్ తర్వాత బే వస్తే నూన్ మీమ్ అవుతుంది. ఏడేళ్ల పిల్లలు చదువుతున్నారు నా దగ్గర. వీళ్ల నూన్ కూడా పెదాల అక్షరం పక్కన కూర్చుంటే మీమ్ అవుతోంది. బే అయినా, ఫే అయినా. పెదాలు మూసుకునే పని ఉన్నప్పుడు నాలుక ఎందుకు కష్టపడుతుంది?"

తౌబా, కలాం-ఎ-పాక్‌ని పాటలతో పోల్చే గుస్తాఖీ నాది కాదు, ఆపాదీ కాదు. తజ్వీద్ ఖాయిదాలు తిలావత్ కోసం ఉన్నవి. ఆమె చెప్పింది పెదాల గురించి, నాలుక గురించి. అరబ్బుకైనా, జర్మన్‌కైనా, కర్నూలు వాడికైనా అల్లా ఇచ్చినవి అవే పెదాలు. నాకు నా డిగ్రీ క్లాసు గుర్తొచ్చింది. 'వెళ్లాడు' 'అని' కలిస్తే 'వెళ్లాడని'. మాస్టారు దాన్ని ఉత్వ సంధి అనేవారు. ఆపా ఇద్గామ్, ఇఖ్లాబ్ అంటుంది. పేరు ఏదైతేనేం, మనుషులు అల్ఫాజ్‌ని విడివిడిగా పలకరు, కలిపి పలుకుతారు. పుస్తకం విడగొట్టి చూపిస్తుంది. వినడం రాకపోవడం అంటే మాట తెలీకపోవడం కాదు, అతుకు తెలీకపోవడం. పాట చేసే మేలు ఇదే. ఒకే అతుకును వందసార్లు చెవిలో వేస్తుంది, చివరికి చెవి దాన్ని అతుకని కాకుండా ఒక మాటగానే గుర్తుపడుతుంది.

ఆ రాత్రి నుంచి తల్లీకూతుళ్లిద్దరూ కూర్చుని గీతలు గీయడం మొదలుపెట్టారు. ఆపాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. కానీ ఎక్కడ నూన్ మాయమవుతోందో, ఎక్కడ గుటక పడుతోందో కూతురి కన్నా ముందు ఆమే పట్టేస్తుంది. ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పులు విని దిద్దిన చెవి అది.

ఇదంతా మార్కుల కోసమే అయితే ఇంత రాయను. మా పిల్ల చేయబోయేది నర్సు పని. జర్మన్‌లో కొన్ని క్రియలు రెండు ముక్కలవుతాయి. పెద్ద ముక్క వాక్యం మొదట్లో ఉంటుంది, చిన్న ముక్క ఆఖర్న కూర్చుంటుంది. డాక్టర్ ఒక మందు గురించి చెప్తాడు, 'జెట్సెన్' అనే క్రియ వాడతాడు. వాక్యం చివర 'ఆన్' వస్తే మందు మొదలుపెట్టమని. 'అప్' వస్తే మందు ఆపేయమని. మొదలుపెట్టడానికీ ఆపేయడానికీ మధ్య తేడా వాక్యం చివరి చిన్న ముక్క. ఇంకోటి, 'హాల్ప్ ఆఖ్ట్'. మాటకు మాట చూస్తే సగం ఎనిమిది. మనవాళ్లు ఎనిమిదిన్నర అనుకుంటారు. కాదు, ఏడున్నర. ఇన్సులిన్ ఇచ్చే చోట గంట తేడా ఎంతో నర్సులకు వేరే చెప్పక్కర్లేదు. రోగి మన చేతిలో అమానత్. సరిగ్గా వినడం ఆ అమానత్‌లో భాగం. వాక్యం ఆఖరి దాకా ఆగి వినే ఓపిక పాటలో అలవాటవుతుంది, ఎందుకంటే రాగం కూడా చరణం చివరే ఆగుతుంది.

పాటకు హద్దులున్నాయి, అవీ చెప్పాలి. జర్మన్‌లో హ్రస్వ దీర్ఘాలు తెలుగులో లాగే అర్థాన్ని మార్చేస్తాయి. 'ష్టట్' అంటే పట్టణం, 'ష్టాట్' అంటే ప్రభుత్వం, దేశం. పాటలో రాగం కోసం హ్రస్వాన్ని కూడా సాగదీస్తారు, కాబట్టి పొడుగు పొట్టి తేడాలకు పాటను నమ్మకూడదు. ప్రాస కోసం మాటల వరసా మారుస్తారు. అందుకే ఆఖరి రెండు రోజులు రాగం తీసేసి చదవమన్నది. గాయకుణ్ని ఎంచుకోవడంలో కూడా జాగ్రత్త కావాలి. రైన్‌హార్డ్ మై పాడితే ప్రతి అక్షరం వినిపిస్తుంది. హెర్బర్ట్ గ్రోనెమాయర్ అక్కడ చాలా పెద్ద పేరు, కానీ ఆయన మాటలు నములుతాడని జర్మన్లే జోకులేస్తారు. ఆయన పాటలు తర్వాతి తరగతికి. ఇక రెండు నెలల తర్వాత పాట నుంచి మాటకు మారాల్సిందే. డాయ్‌చె వెలె వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసం నిదానంగా చదివిన వార్తలు ఇస్తారు. అదే వార్త మామూలు వేగంలోనూ ఉంటుంది. భాంజీ ఫజర్ తర్వాత ముందు నిదానంది, తర్వాత వేగంది వినేది. రోగులు పాటలు పాడరు కదా, దగ్గుతూ, మూలుగుతూ, పళ్ల సెట్ తీసేసి మాట్లాడతారు. ఆ మాటకు చేరడానికి పాట ఒక మెట్టు, ఇల్లు కాదు.

ఒక పాట సంగతి మాత్రం చెప్పి తీరాలి. 1974లో ఉడో యుర్గెన్స్ పాడినది. పేరు 'గ్రీషిషర్ వైన్', అంటే గ్రీకు ద్రాక్షసారా. క్లాసులో ఎవరో చెప్పారని భాంజీ తెచ్చుకుంది. పేరు విని ఆపా గిన్నె కింద పెట్టేసింది.

"షరాబ్ కా గానా? ఇస్ ఘర్ మే?"

"నై అమ్మీ. షరాబ్ కా నై. వతన్ కా."

అప్పుడు కూతురు దాని ఖిస్సా చెప్పింది. పశ్చిమ జర్మనీకి ఫ్యాక్టరీల్లో, గనుల్లో మనుషులు చాలక 1960లో గ్రీస్‌తో, 1961లో తుర్కీతో ఒప్పందాలు చేసుకుని కూలీలను పిలిపించుకుంది. అక్కడివాళ్లు వాళ్లను మెహమాన్ కార్మికులు అనేవారు. పేరు మెహమాన్, పని రాత్రింబగళ్లు. 1973 నవంబర్‌లో పిలవడం ఆపేశారు. మరుసటి ఏడాది ఈ పాట వచ్చింది. రాత్రిపూట ఒక జర్మన్ దారిలో కనిపించిన చిన్న సారా దుకాణంలోకి పోతాడు. అక్కడ గ్రీకు కూలీలు కూర్చుని ఉంటారు. వాళ్లు అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తమ ఊరి గురించి, అక్కడ ఎదురుచూసే ఇంటివాళ్ల గురించి చెప్తారు. కాస్త డబ్బు కూడితే పోదామనుకుంటూ ఉండిపోయినవాళ్లు. మన ఘజళ్లలో షరాబ్ ఎప్పుడైనా షరాబేనా? ఇక్కడా అంతే.

పిల్ల ఆ పాటను ముందు చూసుకోలేదు, కాగితం లేకుండా వింటూ వింటూనే అమ్మకు దక్కనీలో చెప్పుకుంటూ పోయింది. మధ్యలో రెండు మూడు మాటలు తప్పాయి, మిగతాదంతా పట్టేసింది. నాకు అప్పుడు తెలిసింది ఆమె పాసవుతుందని. కానీ ఆపా విన్నది వేరే. దుబాయ్‌లో పదకొండేళ్లు ఉండి వచ్చిన దూల్హాభాయ్ దివాన్ మీద పడుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోలేదు. ఆపా ఆయన వైపు చూసింది, తర్వాత కూతురి వైపు. గాజులు బ్యాంకులో పెట్టినప్పుడు కూడా కనిపించని భయం ఆ మొహంలో కనిపించింది. ఇన్నాళ్లూ జర్మన్ అంటే ఒక ఇమ్తెహాన్. ఆ రాత్రి అది పర్దేస్ అయింది.

చాలాసేపటికి, "అక్కడ నిన్నెవరు వింటారు?" అని మాత్రం అడిగింది.

భాంజీ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

రెండోసారి వినే భాగంలో 73 వచ్చింది. ఇప్పుడు బీ2 చదువుతోంది. నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా ఆ తరగతి కావాలి. ఈసారి పాటలు తగ్గించి రేడియో చర్చలు, ఆస్పత్రి సంభాషణలు వింటోంది. ఆపా దగ్గరికి సబఖ్‌కు వచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి అక్క కూడా నర్సింగ్ చదువుతోంది, ఆ పిల్ల కూడా వచ్చి పక్కన కూర్చుంటోంది.

మీ ఇళ్లల్లో జర్మన్ నేర్చుకునే పిల్లలుంటే రెండు మాటలు చెప్పండి. దక్కనీని, తెలుగును చూసి సిగ్గుపడొద్దని, ఖే అయినా తిర్పన్ అయినా వాళ్లకు ముందే చేతిలో ఉన్న జమా అని. ఇంట్లో సబఖ్ చెప్పే అమ్మీనో, నానీనో ఉంటే ఒక రోజు పక్కన కూర్చోబెట్టుకుని వినిపించమని. జర్మన్ రానివాళ్లకు ఏం తెలుస్తుంది అనుకోవద్దు. ఇక మా భాంజీ బీ2 వచ్చే నెలలో ఉంది. ఇషా తర్వాత యాదొస్తే ఆ పిల్లకూ, ఆ పిల్ల అమ్మకూ కలిపి దుఆ చేయండి.